లోయలో పిట్ట పాడింది సరే, అక్కడ కాపురం ఉందా?

పోయిన ఎపిసోడ్‌లో అనంతగిరి ఘాట్ వైపు ఒక లోయలో రికార్డ్ చేసిన పిట్ట పాట వినిపించాను కదా. ఇరవై సెకన్లే. స్క్రీన్ మీద ఏమీ కనబడదు. చీకటి, నీళ్ల శబ్దం, మధ్యలో మూడు నాలుగు ఈలలు. కింద కామెంట్లు చూస్తే సగం మంది అడిగింది ఒకటే: "బ్రో, లొకేషన్ పెట్టు."

ఈ ఎపిసోడ్ అంతా ఆ కామెంట్‌కి సమాధానం అనుకోండి. లొకేషన్ పెట్టను. ఎందుకు పెట్టనో చెప్పాలంటే అక్కడ నేను చేసిన ఒక తెలివితక్కువ పని గురించి కూడా చెప్పాలి. చెప్తాను. దాంతో పాటు, ఇలాంటి నీడ లోయల్లో అరుదైన పాటల పిట్టల్ని ఎలా వెతకాలి, అవి అక్కడ నిజంగా గూడు కట్టి పిల్లల్ని పెంచుతున్నాయా లేదా అన్నది ఎలా తెలుసుకోవాలి, ఇది కూడా మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట. నేను పక్షి శాస్త్రవేత్తని కాదు. బీటెక్ చేశాను, కొన్నేళ్లు కోడ్ రాశాను, తర్వాత కెమెరా ముందుకొచ్చాను. కాబట్టి నేను చెప్పే పద్ధతి కూడా ఇంజనీర్ పద్ధతిలానే ఉంటుంది. ఓపిక పట్టండి.

అసలు లోయలోకే ఎందుకు వెళ్లాలి?

విశాఖ నుంచి అరకు వెళ్లే రైలు ఎక్కితే టన్నెల్‌కీ టన్నెల్‌కీ మధ్య కిటికీలోంచి లోతైన లోయలు కనబడతాయి. వేసవిలో చూడండి, పైన కొండవాలు ఎండిపోయి గోధుమ రంగులో ఉంటుంది. అదే లోయ అడుగున, నీళ్లు పారే చోట, ఒక పచ్చటి గీత ఉంటుంది. అక్కడి వాళ్లు ఆ వాగుని గెడ్డ అంటారు. ఆ గెడ్డ పక్కన చెట్లు ఏడాదంతా ఆకులతో ఉంటాయి. ఎండ నేల దాకా దిగదు. తేమ పోదు. పైన రోడ్డు మీద చెమటలు కారుతుంటే కింద రాయి మీద కూర్చుంటే చల్లగా ఉంటుంది.

కొన్ని పిట్టలకి ఆ పచ్చటి గీతే ప్రపంచం. మంచి ఉదాహరణ అబాట్స్ బ్యాబ్లర్. చూడటానికి ఏ ప్రత్యేకతా లేదు. ఒళ్లంతా మట్టి రంగు, గొంతు దగ్గర బూడిద తెలుపు, పొట్టి తోక, పిచ్చుక కంటే కొంచెం పెద్దది. నేలకి దగ్గరగా పొదల్లోనే తిరుగుతుంది. కానీ మ్యాప్‌లో దాని ఇల్లు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. హిమాలయాల కింది అడవులు, ఈశాన్య రాష్ట్రాలు, బంగ్లాదేశ్, అక్కడి నుంచి ఆగ్నేయాసియా. అదీ దాని అసలు ఇలాకా. వాటన్నిటికీ దూరంగా, విడిగా, మన తూర్పు కనుమల్లో ఒక చిన్న ముక్క. మధ్యలో వందల కిలోమీటర్లు ఈ పిట్ట లేదు.

మన దగ్గరున్న ఈ గుంపుని ప్రత్యేకమైన ఉపజాతిగా 1985లో రిప్లీ, బీలర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వర్ణించారు. దానికి పెట్టిన పేరు వినండి: కృష్ణరాజుఐ. విశాఖ కనుమల్లో పక్షుల మీద వాళ్లతో కలిసి పనిచేసిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారి పేరు అది. విశాఖ మనిషి పేరు శాస్త్రీయ నామంగా మోస్తున్న పిట్ట విశాఖ వెనక కొండల్లోనే పాడుతోంది. మనలో ఎంతమందికి తెలుసు? రెండేళ్ల క్రితం దాకా నాకూ తెలీదు.

అక్కడొక్కచోటే ఎలా మిగిలింది అంటే, ఇలా విడిపోయిన గుంపులకి శాస్త్రవేత్తలు సాధారణంగా చెప్పే కారణం ఒకటుంది. ఒకప్పుడు వాతావరణం ఇంకా తేమగా ఉన్న రోజుల్లో ఈ పచ్చటి అడవి చాలా దూరం కలిసి ఉండేది. తర్వాత ఎండలు పెరిగి అడవి కుంచించుకుపోయింది. చెరువు ఎండిపోయినప్పుడు చివరికి నాలుగు గుంటల్లో నీళ్లు మిగిలి, చేపలన్నీ ఆ గుంటల్లో చేరతాయి చూడండి, అలా. మన లోయలు ఆ గుంటలు. గుంట కూడా ఎండిపోతే చేప ఇంకెక్కడికీ వెళ్లలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

అదే లోయలో ఇంకా ఎవరుంటారు? మలబార్ విజ్లింగ్ త్రష్. ముదురు నీలం, నలుపు కలిసిన పిట్ట. గెడ్డ పక్కన రాతి అంచుల మీద గూడు కడుతుంది. దీని ఈల అచ్చం మనిషి వేసినట్టే ఉంటుంది, ఏదో ఆలోచిస్తూ రాగం మర్చిపోయినట్టు. అందుకే ఇంగ్లీషులో దీన్ని ఈల వేసే బడిపిల్లాడు అని ముద్దుగా పిలుస్తారు. తర్వాత వైట్ రంప్డ్ శామా, పొడుగు తోక, గొప్ప గాయకుడు. ఆరెంజ్ హెడెడ్ త్రష్, నారింజ రంగు తల, ఆకులు తిరగేసుకుంటూ నేల మీద తిరుగుతుంది.

"మరి పిట్టా?" అంటారు కొందరు. ఇండియన్ పిట్టా, తొమ్మిది రంగుల పిట్ట. సరదా విషయం ఏంటంటే ఆ ఇంగ్లీషు పేరు మన తెలుగు "పిట్ట" నుంచే వెళ్లింది. ఇంకో సరదా విషయం, అది ఎంత బాగా ఈల వేసినా శాస్త్రం ప్రకారం పాటల పక్షుల ఉపగణంలోకి రాదు. దగ్గరి చుట్టం, అంతే. దాని గొంతు నిర్మాణం వేరు. కాబట్టి ఈ రోజుకి దాన్ని పక్కన పెడదాం.

కళ్లు కాదు, చెవులు

మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేసిన తప్పు బైనాక్యులర్స్ పట్టుకుని పైకి చూడటం. లోయలో పైన ఆకులే. కింద చీకటే. పిట్ట మట్టి రంగులో ఉంటుంది, ఎండుటాకుల మధ్య ఉంటుంది. గంటసేపు చూస్తే మెడ నొప్పి వచ్చింది తప్ప పిట్ట రాలేదు.

నాతో వచ్చిన అన్న అక్కడి ఊరివాడే. చిన్నప్పటి నుంచి ఆ గెడ్డ దగ్గర తిరిగినవాడు. ఆయన రాయి మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. నిద్రపోతున్నాడేమో అనుకున్నా. పది నిమిషాలకి వేలు చూపించి, "సార్, ఆ పక్కన ఒకటి, ఈ పక్కన ఒకటి. మజ్జిలో గట్టు వీటి సరిహద్దు" అన్నాడు. ఒక్క పిట్టని కూడా చూడకుండా మ్యాప్ గీసేశాడు మనిషి.

దీని వెనక సైన్స్ ఉంది. చిక్కటి అడవిలో శబ్దం ఆకులకి, కొమ్మలకి తగిలి చెదిరిపోతుంది. గబగబా వచ్చే సన్నటి ట్రిల్స్ కలిసిపోయి అర్థం కాకుండా పోతాయి. నెమ్మదిగా, శుభ్రంగా వచ్చే ఈల ఎక్కువ దూరం పోతుంది. 1975లో మోర్టన్ అనే శాస్త్రవేత్త అడవి లోపలి పక్షుల పాటలకీ, బయట ఖాళీ మైదానాల పక్షుల పాటలకీ తేడా చూపించి ఈ విషయం రాశాడు. అబాట్స్ బ్యాబ్లర్ పాట దానికి సరిపోతుంది. మూడు నాలుగు నిండైన ఈలలు, చివరిది పైకి లేస్తుంది. ఒకసారి పట్టుకుంటే మర్చిపోరు.

ఇప్పుడు మన ఫోన్ సంగతి. మెర్లిన్ యాప్ మీలో చాలామందికి తెలుసు. అమెరికాలో కార్నెల్ ల్యాబ్ వాళ్లది, ఫ్రీ. అందులో సౌండ్ ఐడీ ఫీచర్ 2021లో వచ్చింది. పని చేసే తీరు బాగుంటుంది. మీ ఫోన్ విన్న శబ్దాన్ని అది ముందు బొమ్మగా మారుస్తుంది. అడ్డంగా టైమ్, నిలువుగా ఫ్రీక్వెన్సీ. దాన్ని స్పెక్ట్రోగ్రామ్ అంటారు. ఆ తర్వాత ఆ బొమ్మని గుర్తుపడుతుంది, ఫోటోలో మొహాన్ని గుర్తుపట్టినట్టు. అంటే యాప్ వినదు, చూస్తుంది.

అది తెలిస్తే ఎక్కడ బోల్తా పడుతుందో కూడా తెలిసిపోతుంది. ఒకటి, గెడ్డ హోరు. నీళ్ల శబ్దం ఆ బొమ్మ మీద బూడిద పోసినట్టు పరుచుకుంటుంది. కాబట్టి నీళ్ల పక్కన నిలబడి రికార్డ్ చేయకండి. ఒక వంపు తిరిగి, నీళ్లకీ మీకూ మధ్య ఒక పెద్ద రాయి అడ్డం వచ్చేలా కూర్చోండి. తేడా మీకే తెలుస్తుంది. రెండు, అనుకరణ. శామా, రాకెట్ టెయిల్డ్ డ్రోంగో వేరే పక్షుల గొంతులు దించేస్తాయి. యాప్‌లో వరసగా ఐదు పేర్లు పడితే ఐదు పిట్టలున్నాయని సంబరపడకండి, ఒక్క మిమిక్రీ ఆర్టిస్ట్ కూడా అయ్యుండొచ్చు. మూడు, సిగ్నల్. లోయలో ఉండదు. మన ప్రాంతం బర్డ్ ప్యాక్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని వెళ్లండి.

యాప్ చెప్పింది క్లూ మాత్రమే. రికార్డింగ్ సేవ్ చేసుకోండి, ఇంటికొచ్చి వేరే రికార్డింగ్‌లతో పోల్చండి, తెలిసినవాళ్లకి వినిపించండి. అప్పుడు పేరు రాయండి.

ఉండటం వేరు, కాపురం ఉండటం వేరు

ఇది ఈ రోజు అసలు పాయింట్. పిట్ట కనబడింది, ఫోటో తీశాం, పోస్ట్ పెట్టాం. బాగానే ఉంది. కానీ అది చుట్టపుచూపుగా వచ్చిందా, అక్కడే సంసారం చేస్తోందా? ఒక లోయని కాపాడాలంటే ఈ ప్రశ్నకి జవాబు కావాలి. దారిలో ఆగిన పిట్ట ఇంకో చోట ఆగగలదు. గూడు కట్టిన పిట్టకి ఆ లోయే కావాలి.

ఈబర్డ్‌లో దీనికి ఒక నిచ్చెన ఉంది. మీరు చెక్‌లిస్ట్ వేసేటప్పుడు ప్రతి పక్షికీ బ్రీడింగ్ కోడ్ పెట్టొచ్చు. మూడు మెట్లు అనుకోండి.

మొదటి మెట్టు, అవకాశం ఉంది. గూళ్లు కట్టే కాలంలో, దానికి తగిన చోట, పిట్ట పాడుతోంది. అంతే తెలుసు.

రెండో మెట్టు, దాదాపు అవును. ఏడు రోజులు లేదా ఇంకా ఎక్కువ గ్యాప్‌తో వెళ్లినప్పుడు కూడా అదే చోట పాట వినబడింది. లేదా జంట కనబడింది. లేదా సరిహద్దు దగ్గర ఇంకో మగపిట్టతో గొడవ పడుతోంది. మనం దగ్గరికి వెళ్తే కంగారుగా అరుస్తోంది అన్నా ఈ మెట్టే.

మూడో మెట్టు, ఖాయం. గూటికి పుల్లలు మోస్తోంది, నోట్లో పురుగు పట్టుకుని పోతోంది, అప్పుడే గూడు దిగిన పిల్లలు కనబడ్డాయి, ఇలాంటివి.

గమనించారా? ఖాయం చేయడానికి గూడు చూడాల్సిన అవసరమే లేదు. నోట్లో పురుగు ఉండి కూడా మింగకుండా ఎటో తీసుకెళ్తోందంటే, తినేవాళ్లు ఇంకెక్కడో ఉన్నారని అర్థం. దూరం నుంచి, కూర్చున్న చోటు నుంచి ఇదంతా చూడొచ్చు. గూడు వెతకడం అంటే పొదలు తొలగించడం, తొక్కడం, దారి చేయడం. బ్యాబ్లర్ గూడు నేలకి దగ్గరగానే ఉంటుంది. మీ కాలు దాని పైకప్పు మీద పడొచ్చు.

నేను చేసిన పని

మొదటి ఆదివారం పాట విన్నాను. జూన్, తొలి వానలు పడ్డ వారం. సరిగ్గా వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లాను. అదే గట్టు, అదే వైపు, అదే పాట. ఏడు రోజులు అయ్యాయి, రెండో మెట్టు వచ్చేసింది. అక్కడితో ఆగి, కూర్చుని ఉంటే సరిపోయేది.

కానీ నాకు ఎపిసోడ్‌కి విజువల్ కావాలి. ఆడియోకి వ్యూస్ రావు కదా. బ్యాగ్‌లో చిన్న బ్లూటూత్ స్పీకర్ ఉంది. ఆ పిట్ట పాటనే దానికి వినిపించాను. ప్లేబ్యాక్ అంటారు దీన్ని. నిమిషం కూడా పట్టలేదు, పిట్ట వచ్చేసింది. నాలుగు అడుగుల దూరంలో కొమ్మ మీద. నేను కెమెరా ఆన్ చేసి మురిసిపోతున్నా. మళ్లీ ప్లే చేశాను. అటు తిరుగుతోంది, ఇటు తిరుగుతోంది, రెక్కలు కొడుతోంది. మళ్లీ ప్లే చేశాను.

వెనక నుంచి అన్న అన్నాడు, "సార్, ఆపేయండి. దాని నోట్లో ఏటుందో సూశారా?"

జూమ్ చేసి చూశాను. ఆకుపచ్చ గొంగళిపురుగు. వచ్చినప్పటి నుంచీ అది నోట్లోనే ఉంది. మింగలేదు, వదల్లేదు, గూటికి తీసుకెళ్లలేదు.

"పిల్లలకి పట్టుకెళ్తంది సార్. మీరు అది వాయిస్తే, ఇంకెవడో తన ఇంట్లోకి వొచ్చేశాడనుకుంటంది. వాడు పోయేదాకా ఇది కదల్దు."

టైమ్ చూసుకున్నాను. క్లిప్ మొదలై పద్దెనిమిది నిమిషాలు. స్పీకర్ కట్టేశాక కూడా అది కాసేపు ఆ కొమ్మ మీదే తిరిగింది, లేని శత్రువు కోసం. నేను నాలుగు రోజులు వెతికిన రుజువు, నిచ్చెన చివరి మెట్టు, నా కళ్ల ముందే ఉంది. దాన్ని అడ్డుకుంటున్నది కూడా నేనే.

పద్దెనిమిది నిమిషాల్లో ఏమైపోతుంది అంటారేమో. ఒక్కసారికి ఏమీ కాకపోవచ్చు. కానీ లెక్క వేయండి. నేను లొకేషన్ పెట్టాను అనుకోండి. వర్షాల్లో అరకు వచ్చేవాళ్లకి కొదవ లేదు. వీకెండ్‌కి పది మంది వచ్చి ఒక్కొక్కరు పది నిమిషాలు వాయిస్తే వంద నిమిషాలు. ఆ వంద నిమిషాలు పిల్లలకి తిండి లేదు, గుడ్లుంటే వాటికి వెచ్చదనం లేదు. పైగా ఆ పిట్ట గట్టిగా అరుస్తూ బయటికి రావడం అంటే గూళ్లు దోచుకునే వాటికి అడ్రస్ చెప్పడమే. ట్రీపై లాంటి కాకి చుట్టాలు అలాంటి సందడి కోసమే చూస్తుంటాయి.

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో "వేట" అనే మాటకి ఇచ్చిన అర్థంలోనే పక్షుల గుడ్లు పాడు చేయడం, గూళ్లని కదిలించి ఇబ్బంది పెట్టడం ఉన్నాయి. తుపాకీ పట్టుకుంటేనే వేట కాదు. ఫోన్ పట్టుకుని కూడా ఆ గీత దాటొచ్చు.

ఆ క్లిప్ మీకు చూపించలేదు, చూపించను. డిలీట్ చేసేశాను. ఈబర్డ్‌లో మాత్రం కోడ్ పెట్టాను: ఆహారం మోస్తోంది. రెండు వారాల తర్వాత స్పీకర్ లేకుండా మూడోసారి వెళ్లాను. రెండు గంటలు కూర్చున్నాం. విజ్లింగ్ త్రష్ పాడింది, శామా పాడింది. ఆ గట్టు వైపు నుంచి మాత్రం ఏమీ రాలేదు. పిల్లలు ఎగిరిపోయి ఉండొచ్చు, గూడు పోయి ఉండొచ్చు. "పిల్లలు ఎదిగిపోయుంటాయిలెండి" అని అన్న నా మొహం చూసి అన్నాడు. నాకోసం అన్నాడని నాకు తెలుసు.

మరి మీరు వెళ్తే ఏం చేయాలి?

వెళ్లొద్దని నేను అనను. ఎవరూ వెళ్లకపోతే అక్కడ ఏముందో రికార్డే ఉండదు. రికార్డ్ లేని లోయలో రేపు చెట్లు కొట్టేసినా, గెడ్డ మళ్లించినా, "ఇక్కడ ప్రత్యేకంగా ఏముంది?" అంటే చూపించడానికి ఏమీ ఉండదు. ఎండిపోయే చెరువు, గుంటలు గుర్తున్నాయి కదా. పైన నీడ పోతే కింద తేమ పోతుంది, తేమ పోతే ఈ పిట్టలు పోతాయి. కాఫీ తోటకి కూడా నీడ కావాలి నిజమే, కానీ అడవి చెట్ల నీడ వేరు, వరసగా నాటిన సిల్వర్ ఓక్ నీడ వేరు. అక్కడ ఏ పిట్ట గూడు కడుతోందో రాసి ఉంటేనే ఆ తేడా గురించి గట్టిగా మాట్లాడగలం.

కాబట్టి ఇలా చేయండి. రిజర్వ్ ఫారెస్ట్ అయితే అటవీ శాఖ అనుమతి తీసుకోండి. ఊరివాళ్లలో ఒకరిని తోడు తీసుకెళ్లండి, వాళ్ల టైమ్‌కి డబ్బులు ఇవ్వండి. తెల్లారేసరికి అక్కడ ఉండండి, ఎందుకంటే ఎక్కువ పాట ఆ మొదటి గంటన్నరలోనే. వానాకాలంలో పైన కొండ మీద మబ్బు పట్టిందంటే గెడ్డలోంచి వెంటనే బయటికి వచ్చేయండి. మీ దగ్గర చినుకు పడకపోయినా నీళ్లు ఒక్కసారిగా దిగుతాయి.

కూర్చోండి. పది నిమిషాలు ఫోన్ జేబులోనే ఉంచి వినండి. తర్వాత రికార్డ్ చేయండి. స్పీకర్ ఇంట్లో వదిలేయండి. పిట్ట కంగారుగా అరుస్తుంటే అది మీ గురించే, వెనక్కి జరగండి. గూడు అనుకోకుండా కనబడితే ఫోటో కూడా వద్దు, వచ్చిన దారినే వెళ్లిపోండి. వారం తర్వాత మళ్లీ వెళ్లండి. ఈబర్డ్‌లో కోడ్ పెట్టండి, ఆడియో జత చేయండి. గూడు ఏ పొదలో ఉందో మాత్రం కామెంట్లలో రాయకండి. మరీ భయం అనిపిస్తే చెక్‌లిస్ట్‌ని పబ్లిక్‌కి కనబడకుండా దాచే ఆప్షన్ కూడా ఉంది.

ఇంకొకటి. అరుదైన పిట్ట దొరకాలంటే అనంతగిరే రావాలని లేదు. మీ ఊరి పక్కన కొండ ఉందా, దాని మడతలో నీళ్లు పారే చీకటి చోటు ఉందా, మొదలు అక్కడే పెట్టండి. ఏ పిట్ట ఉందో కాదు, ఏ పిట్ట కాపురం ఉందో కనుక్కోండి. కింద కామెంట్లో ఊరి పేరు, లోయ పేరు వద్దు. పిట్ట పేరు, మీరు ఏ మెట్టు దాకా వెళ్లారో అది రాయండి చాలు. నేను చదువుతాను.

వచ్చే జూన్‌లో అన్నతో కలిసి ఆ గట్టు దగ్గరికి మళ్లీ వెళ్తున్నాను. పాట వినబడితే ఆడియో తెస్తాను. వినబడకపోతే అది కూడా వచ్చి చెప్తాను. ఉంటాను మరి, బై.